మోకాలి దగ్గరి మూత

నమోదు 1

రాత్రి పాఠశాలలో పాత వాహన శాస్త్రం చదివి పట్టా పొందిన ప్రతివారూ తాము చేపట్టిన మొదటి బండిని గురించి నమోదులు రాయాలని నియమం. నాతో పాటు పట్టా పొందిన వారెవరికీ బండి దొరకలేదు కనుక ఎవరూ రాయలేదు. నాకు దొరికింది. నా పేరు నూర్‌బాషా దస్తగిరి. వయస్సు నలభై ఎనిమిది. తెల్లగుట్ల పట్టణం వెలుపల, పాత బండ్లను కరిగించే ప్రాంగణంలో ఉద్యోగం. పట్టాకు చట్రం కట్టించి షెడ్డు గోడకు తగిలించాను. తేమ తగలకుండా గాజు కూడా వేయించాను.

బండి కుంకుమరంగు కారు. ఇంజను ఉంది, పెడళ్లు ఉన్నాయి, స్టీరింగు లేదు. మనుషులు బండి నడపరాదన్న చట్టం వచ్చినప్పుడు అన్ని బండ్ల స్టీరింగులనూ ఊడదీసి తనిఖీ కార్యాలయంలో అప్పగించారు. దీని స్టీరింగును అప్పగించినది నా భార్య కాశింబీ. ఈ బండిని నడిపినది ఆమెయే. అప్పగించిన తరువాత, డ్రైవరు లేకుండా తనంతట తానే నడిచే వాహిని బండి ఎక్కి రెక్కలకొండకు వెళ్లిపోయింది. అక్కడి గాలిమరల కాపలా ఆమె ఉద్యోగం.

ప్రతి ఉదయం పనికి వచ్చేటప్పుడు నేను వాహిని బండి ఎక్కి "రెక్కలకొండ" అంటాను.

"మీరు కోరిన గమ్యం లేదు. దయచేసి మరొకటి చెప్పండి," అంటుంది.

"పాత బండ్ల ప్రాంగణం," అంటాను. బయలుదేరుతుంది. నాలుగేళ్లుగా ఇదే దినచర్య. బండి విసుక్కోదు. నేనూ విసుక్కోను.

రెక్కలకొండ ఉంది. మబ్బు లేని ఉదయాల్లో ప్రాంగణం గేటు నుంచి కనిపిస్తుంది కూడా. ఆమె వెళ్లిన కొద్ది రోజులకే ఒక పెద్ద వానకు, కొండ ఎక్కే ఘాటు దారిలో వాహినికి తోవ చూపే స్తంభాలు కొట్టుకుపోయాయి. వాటిని తిరిగి పాతడం కంటె కొండ పేరును కొట్టివేయడం సులభమని ఎవరో తలచారు. కాశింబీ ఉద్యోగ కాలం ముగిసింది. గాలిమరలు తమను తామే చూసుకోవడం నేర్చుకున్నాయి. ఆమెను దింపడానికి మాత్రం బండి లేదు. బియ్యమూ మందులూ మోసుకెళ్లే ఎగిరే బుట్ట మనిషిని మోయదు. తుంటినొప్పి వలన ఆమె అంత దూరం నడవగల స్థితిలో లేదు. నేనే నడిచి బయలుదేరితే రెండో వాగు దగ్గర వాహిని కాపలా బండి నన్ను ఎక్కించుకుని వెనక్కి తెచ్చింది. దారి లేనిచోట నడిచే మనిషి ఉండరాదట.

ఏటా ఒక దినం వాహిని మరమ్మతు కోసం ఆగుతుంది. దానిని విరామ దినం అంటారు. ఆ రోజున, తనిఖీలో నెగ్గిన పాత బండ్లకు, పట్టా గలవారి చేతికి స్టీరింగు తిరిగి ఇచ్చి పొద్దు గుంకే దాకా నడపనిస్తారు. ఈ ఏటి విరామ దినం తరువాత మిగిలిన స్టీరింగులన్నిటినీ కరిగిస్తారని కార్యాలయం గోడ మీద ప్రకటన అంటించారు. కనుక నా ముందున్న పని ఒక్కటే. ఈ బండిని తనిఖీలో నెగ్గించాలి. నా భార్యను దింపి తేవాలి.

నమోదు 2

పాతకాలపు కారుకు తన రోగం తనకు తెలుసు. చెప్పుకోవడానికి దానికి ఒక నోరు ఉంటుంది. అదే తనిఖీ పోర్టు. రెండు వరుసల్లో పదహారు సూది మొనలు. పై వరుస వెడల్పు, కింది వరుస ఇరుకు. అందులో రీడరు తీగ గుచ్చితే బండి తన సంగతులు తెర మీద చెబుతుంది. తనిఖీ అధికారులు బండిని అడగరు, బండి వెంట ఉన్న మనిషిని అసలే అడగరు. పోర్టును అడుగుతారు.

పాఠ్యపుస్తకం ప్రకారం పోర్టు డ్యాష్‌బోర్డు కింద ఎడమ అంచున ఉంటుంది. ఉదయం నుంచి ఎడమ సీటు ముందర వెల్లకిలా పడుకుని వెదికాను. ఒక చింతగింజ, తుప్పు పట్టిన పిన్నీసు, మిక్చరు పొట్లం కాగితం దొరికాయి. పోర్టు దొరకలేదు.

ప్రాంగణంలో నాతో పాటు పనిచేసే సుంకన్న తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"ఏం పట్టా సారూ, ఆడ తల పెట్టి ఏం వాసన చూస్తాండావు?"

"పోర్టును అన్వేషిస్తున్నాను."

"యాడుంటాదది?"

"డ్యాష్‌బోర్డు కింద, ఎడమ అంచున. పుస్తకంలో స్పష్టంగా ఉంది."

"పుస్తకంలో ఉంటే పుస్తకంలోనే గుచ్చు మరి."

ఎడమ పక్కనున్న అట్టముక్కలన్నీ విప్పి మళ్లీ వెదికాను.

నమోదు 3

కొండ మీది ఫోను గాలిమర కరెంటుతో పలుకుతుంది. గాలి ఉంటే మాట ఉంటుంది. అందుకని షెడ్డు కప్పు మీద ఒక గుడ్డపీలిక కట్టాను. అది కదిలితే ఫోను దగ్గరికి పోతాను. ఇక్కడ గాలి వీస్తే అక్కడా వీస్తుందన్నది శాస్త్రీయం కాదని ఎరుగుదును. ఈ మధ్యాహ్నం పీలిక కదిలింది.

"చెప్పయ్యా," అంది కాశింబీ.

"క్షేమమే కదా? నేను ఈ దినమంతయూ పోర్టు కొరకు..."

"దినమంతయూనా? మామూలుగా మాట్లాడబ్బా. గాలి తక్కువుండాది, పెద్ద మాటలు పట్టవు."

"ఎడమ పక్కనంతా వెదికాను. లేదు."

"ఎడమ పక్క ఏముంటాది, నువ్వు తిని పడేసిన మిక్చరు పొట్లాలు తప్ప?"

"పుస్తకంలో బొమ్మతో సహా ఉంది, కాశింబీ."

"ఆ బొమ్మలో డ్రైవరు యా పక్క కూచున్యాడు?"

పుస్తకం చంకలోనే ఉంది. తెరిచి చూశాను. డ్రైవరు ఎడమ పక్కన కూర్చుని ఉన్నాడు. ఆ పుస్తకం డ్రైవర్లు ఎడమ పక్కన కూర్చునే దేశంలో అచ్చయినది. మూడేళ్లు ఆ బొమ్మను చూశాను. దాన్ని చూసి గీసి పరీక్ష కూడా రాశాను. పాత బండిలో ఏళ్ల తరబడి తిరిగినవాణ్ణే. కాని నేను కూర్చున్నది ఎప్పుడూ ఎడమ సీటులోనే.

"ఏమయ్యా, ఉండావా?"

"ఉన్నాను."

"ఘాటులో ప్రతి మలుపుకీ నా కుడి మోకాలికి ఠక్కుమని తగుల్తాండె ఒక మూత. దాన్ని తిట్టని దినం ల్యాదు. అదేమో చూడు పో."

కుడి తలుపు తెరిచి ఆమె సీటులో మొదటిసారి కూర్చున్నాను. సీటు ఆమె ఎత్తుకు తగినట్లు ముందుకు జరిపి ఉంది. నా మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు నొక్కుకున్నాయి. కుడి మోకాలికి ఒక మూత తగిలింది. దాని అంచు ఒకచోట అరిగి నున్నగా ఉంది. గోటితో లాగితే ఊడి వచ్చింది. వెనుక పోర్టు ఉంది. పై వరుస వెడల్పు, కింది వరుస ఇరుకు.

సీటు కింద మీట ఉంది. దానితో సీటును వెనక్కి జరపవచ్చు. జరపలేదు.

నమోదు 4

రీడరు తీగ గుచ్చాను. తెర వెలగలేదు. రీడరుకు సొంత బ్యాటరీ లేదు. బండి బ్యాటరీ నుంచి పోర్టు ద్వారానే కరెంటు రావాలి. బండి బ్యాటరీ పరీక్షించాను. నిండుగా ఉంది. నాలుగేళ్లుగా కదలని బండిలో బ్యాటరీ నిండుగా ఉండటం శాస్త్ర విరుద్ధం. అప్పుడు ఇంకొక సంగతి గుర్తుకు వచ్చింది.

"సుంకన్నా, నీ రేడియో ఈమధ్య వినబడటం లేదు."

"దానికి మనసు బాగల్యా సారూ."

"తీగను ఎక్కడ గుచ్చేవాడివి?"

ఆయన గేటు వైపు చూశాడు. కొండ వైపు చూశాడు. చివరకు బండి వైపు చూశాడు. "సిగరెట్టు ముట్టించే బొక్కలో. కప్పు మీద ఎండ పలక పెట్టి బ్యాటరీకి కలిపినా. రేడియోకి ఏం గాల్యా. ఎండలు ముదిరినాక ఒక దినం ఫ్యాను గూడా గుచ్చినా. ఠప్పుమన్యాది."

ఈ బండిలో సిగరెట్టు ముట్టించే రంధ్రానికీ తనిఖీ పోర్టుకూ ఫ్యూజు ఒక్కటే. అది ఐదో అధ్యాయంలో ఉంది. మాడిన ఫ్యూజు తీసి కొత్తది వేశాను. రీడరు వెలిగింది. సుంకన్న రేడియో కూడా ఒక్కసారిగా పాడింది.

ఆయనను మందలించాలని రెండు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. ఆ రేడియో కోసం పెట్టిన ఎండ పలక లేకపోతే బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉండేది. రెండు వాక్యాలూ మానుకున్నాను.

నమోదు 5

బండి రెండు దోషాలు చెప్పింది. ఇంజనులోకి పోయే గాలిని కొలిచే తీగ తెగింది. చూస్తే ఎలుక కొరికి ఉంది, అతికించాను. రెండోది, ఇంధనపు ట్యాంకు మూత సరిగా బిగించలేదు. మూత సడలితే ట్యాంకులోని ఆవిరి బయటికి పోతుందని బండి కనిపెట్టి ఇంజను దీపం వెలిగిస్తుంది. నాలుగేళ్లుగా దానిని మనసులో పెట్టుకునే ఉందన్నమాట.

గాలి వచ్చినప్పుడు కాశింబీకి చెప్పాను.

"అది నేనే. స్టీరింగు ఇచ్చేదానికి పోతాంటి ఆ దినం. ఊడబెరికే బండికి ఎవురికి మూత బిగించాలనిపిస్తాది చెప్పు?"

"బిగించి ఉండవలసింది."

"నువ్వు ఆ పక్కనే కూచున్యావు గదా, దిగి బిగించల్యా?"

నిజమే. కూర్చుని ఉన్నాను.

ట్యాంకులో ఇంధనంగా జొన్న స్పిరిటు పోసి మూత బిగించాను. ఇంజను పలికించాను. పలికింది. తరువాత రీడరులో ఒక్క నొక్కుతో పాత దోషాలన్నిటినీ తుడిచివేశాను. తెర కడిగిన పళ్లెంలా ఉంది. సుంకన్నను పిలిచి చూపించి, పట్టా గల వ్యక్తి చేతిలో బండి ఈ విధంగా ఉంటుందని చెప్పాను. ఆయన తెర వైపు చూసి, "ఏమీ లేదు గదా సారూ," అన్నాడు. అదే నేను చెప్పేదని వివరించాను.

నమోదు 6

తనిఖీ అధికారిణి ఫిలోమినా మేడం వచ్చారు. స్టీరింగులు ఆమె గదిలోనే వరుసగా మేకులకు తగిలించి ఉంటాయి. ఆమె సీటులో కూర్చోకుండానే చేయి పెట్టి పోర్టు పట్టుకున్నారు. నేను ఎంతో వెదికిన స్థలం అది.

"దోషం ఒక్కటి గూడా ల్యా."

"అవును మేడం."

"అదే అనుమానం. ఎవురన్నా తుడిచినారా?"

"నేనే. స్వహస్తాలతో."

"అయ్యో, ఏం పని చేస్తివన్నా!" ఆమె రీడరు తెరను నా వైపు తిప్పారు. ఎనిమిది స్వీయ పరీక్షల పేర్లు ఉన్నాయి. ఎనిమిదింటి ఎదుటా 'పూర్తి కాలేదు' అని ఉంది. "దోషాలు తుడిస్తే బండి తనను తాను చూసుకున్న సంగతి గూడా తుడుచుకపోతాది. రోగం ల్యాదని కాదు దీని అర్థం. చూసుకోలేదని."

ఈ సంగతి పాఠ్యపుస్తకంలో ఉంది. ఆ అధ్యాయంలో నాకు తరగతిలోకెల్లా ఎక్కువ మార్కులు వచ్చాయి.

"ఇవి పూర్తి కావాలంటే?" అని అడిగాను. సమాధానం తెలుసు. అయినా అడిగాను.

"బండిని నడపల్ల."

"నడపడానికి స్టీరింగు కావాలి."

"స్టీరింగు ఇయ్యాలంటే ఇవి పూర్తి కావల్ల."

"మేడమ్మా, అది న్యాయంగా ఉండాదా?" అన్నాడు సుంకన్న.

"నేను న్యాయం చెప్పను సుంకన్నా, తనిఖీ చేస్తా." ఆమె గొంతు తగ్గించారు. "చూడన్నా, మీ ఇంటామె సంగతి నాకు తెలుసు. విరామ దినానికి ముందు రోజు మళ్ల వస్తా. ఇంతలో బండి ఉన్న తావు నుంచి జానెడు కదిలినా అనుమతి రద్దు, యాదుండనీ. అప్పటికీ ఇట్లే ఉంటే స్టీరింగు కొలిమికే పోతాది. నా చేతుల్లో ఏం ల్యాదు."

ఆమె వెళ్లిన తరువాత షెడ్డులోకి పోయి పట్టాను గోడ నుంచి దించి, ముఖం గోడవైపుకు తిప్పి తగిలించాను.

నమోదు 7

గాలి బాగా ఉంది. పీలిక తెగిపోయేటట్లు కొట్టుకుంటున్నది. అయినా ఫోను దగ్గరికి పోలేదు. అదే మోగింది.

"ఎందుకు గమ్మునుండావు? ఇంత గాలి వృథాగా పోతాండాది."

చెప్పాను. తుడిచిన సంగతి, ఎనిమిది పరీక్షల సంగతి, జానెడు సంగతి. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఈడ రెండు చీరలు మూట గట్టి తలుపు పక్కన పెట్టుకున్యా," అంది. "రోజూ దాన్ని దాటుకోని పోతాండా."

రిసీవరును రెండో చెవికి మార్చుకున్నాను.

"ఆ పరీక్షలు చేసుకునేదానికి బండికి ఏం గావల్ల? నువ్వు చదువుకున్యావు గదా, చెప్పు."

"చల్లని ఇంజనుతో మొదలుపెట్టాలి. కొంతసేపు నిలిచి ఉండాలి. నిలకడగా వేగంగా పోవాలి. బ్రేకు తొక్కకుండా కాలు తీసి దానంతట దాన్ని నెమ్మదించనివ్వాలి. కొండ ఎక్కుడు ఎక్కినట్లు బరువు లాగాలి."

"పోవాలనా, చక్రాలు తిరగాలనా?"

"బండికి తెలిసేది చక్రాలు తిరగడమే."

"మొదటి వాగు ఇసకలో ఇరుక్కున్యాము, గుర్తుందా? ఒక పూటంతా ముందు చక్రాలు తిరుగుతానే ఉండె. బండి ఈడిది ఆడికి పోల్యా. మీటరు మాత్రం అరవై చూపించె. నువ్వు ఆ పక్క కూచోని నాకు వేగం చదివి చెప్పినావు, నాకు కోపం వచ్చె."

గుర్తుంది. అరవై రెండు.

కాసేపటికి మా ఇద్దరిలో ఎవరు ముందు అన్నారో నమోదు చేయలేను. "జాకీ," అన్న మాట రెండు వైపులా ఒకేసారి వినిపించింది.

నమోదు 8

ఇంజను చల్లగా ఉండాలి కనుక పొద్దు పొడవగానే మొదలుపెట్టాము. బండి ముందు భాగాన్ని జాకీతో ఎత్తి దుంగల మీద నిలిపాము. బండిని లాగే ముందు చక్రాలు నేలకు తగలకుండా వేలాడాయి. వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాము. వాటి చుట్టూ సుంకన్న ముగ్గుపిండితో గీత గీశాడు. "జానెడు గాదు, వెంట్రుకవాసి కదల్లేదని మేడమ్మకి సాక్ష్యం," అన్నాడు.

నాకు బండి నడపడం రాదు. ఈ సంగతి రాయడం ఇదే మొదలు. పట్టాలో నడిపే అర్హత ఉంది. బండి లేక ఎవరూ నేర్పలేదు. నేర్పగల మనిషి ఫోనులో ఉంది. ఫోను తీగ షెడ్డు గడప దాకానే వస్తుంది. అందుకని సుంకన్న గడపలో నిలబడి ఆమె చెప్పినది విని, ఇంజను చప్పుడుకు మించి అరిచి నాకు చెప్పాలని ఏర్పాటు.

"వదినా! సారు కూచున్యాడు!... సారూ, తాళం తిప్పమంటాంది! పలికినాక కాసేపు ఊరికే ఉండమంటాంది. తొందరపడొద్దంట. నువ్వు తొందర మనిషివంట!"

"నేను తొందర మనిషిని కానని చెప్పు."

"చెప్పను. ఆయమ్మకి నీకంటే బాగా తెలుసు."

పుస్తకంలోనూ మొదటి మెట్టు అదే. ఇంజను వేడెక్కింది. క్లచ్చు, గేరు, ఆక్సిలరేటరు. రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి ముందు చక్రాలు గాలిలో తిరిగాయి.

"తెల్లగుట్ల గేటు దాటినావంట! కుడికి తిప్పమంటాంది!"

తిప్పడానికి ఏమీ లేదని చేతులు చూపించాను. సుంకన్న రిసీవరును గడప మీద పెట్టి లోపలికి పోయి, తన అన్నం పళ్లెం తెచ్చి కారు కిటికీలోంచి ఇచ్చాడు. దానిని రెండు చేతులా పట్టుకుని కుడికి తిప్పాను.

"సున్నపు బట్టీలు! దారి తిన్నగా ఉంటాదంట. వేగం పెంచు, పెంచి అట్లే పట్టుకో!"

నిలకడ వేగం. మొదటి పరీక్ష ఎదుట 'పూర్తి' అని పడింది. తరువాత రెండోది.

"మొదటి వాగు వస్తాంది, కాలు తియ్యమంటాంది. బ్రేకు తొక్కొద్దు. దానంతటదే దిగనీ! ఇసకలో ఇరుక్కోవద్దంట ఈసారి!"

కాలు తీశాను. మూడోది, నాలుగోది. సీతాఫలం తోపు దగ్గర ఐదోది. రెండో వాగు దగ్గర, నన్ను కాపలా బండి పట్టుకున్న చోట, ఆరోది పూర్తయింది. నా చేతుల్లో పళ్లెం చెమటకు జారుతున్నది.

"ఇంగ ఘాటు. ఎక్కుడు. ఒక కాలితో ఆక్సిలరేటరు తొక్కుతా, ఇంగో కాలితో బ్రేకు మీద రవ్వంత అదమమంటాంది. అప్పుడు బరువు తెలుస్తాదంట బండికి. మొదటి మలుపు కుడికి... సారూ."

"చెప్పు!"

"పలకడంల్యా."

కప్పు మీద పీలిక వేలాడుతున్నది. గాలి లేదు.

రెండు పరీక్షలు మిగిలాయి. ఇంజను ఆపితే మళ్లీ చల్లారే దాకా ఉండి మొదటి నుంచి రావాలి. గాలి ఎప్పుడు వస్తుందో తెలియదు. ఘాటు దారి నాకు తెలియదు. దారి ఆమెకు తెలుసు, నేను ఎన్నడూ దారిని చూడలేదు. అయితే ఎడమ కిటికీలో ఏది తరువాత ఏది వచ్చేదో తెలుసు. ముందు ఒంటె మూపురం లాంటి బండ వస్తుంది. అది దగ్గరయ్యేటప్పుడు నా భుజం తలుపుకు ఒరిగేది, అంటే ఆమె కుడికి తిప్పుతున్నది. తరువాత లోయలో నీలం రేకుల కప్పు. అప్పుడు నా ఒళ్లు ఆమె వైపుకు ఒరిగేది, అంటే ఎడమకు. తరువాత తేనెపట్టు ఉన్న బూరుగు చెట్టు. అక్కడ ఆమె ఎప్పుడూ గేరు మార్చేది. నా చేతికి ఆమె మోచేయి తగిలేది.

ఒంటె మూపురం దగ్గర కుడికి తిప్పాను. నీలం కప్పు దగ్గర ఎడమకు తిప్పాను. బూరుగు చెట్టు దగ్గర గేరు మార్చాను. నా మోచేతికి ఏమీ తగలలేదు. బ్రేకు మీద కాలు ఉంచి ఎక్కించాను. ఏడోది పూర్తయింది. ఇంజను ఆయాసపడుతున్నది. పొగ గొట్టం వేడి వాసన వస్తున్నది. ఎనిమిదోది పూర్తయింది.

"సారూ, అన్నీ పడినాయి! ఆపు ఇంగ!"

నియమం ప్రకారం ఆపవచ్చు. ఆపలేదు. ఇంకా రెండు మలుపులు ఉన్నాయి.

ఆ రెండూ తిప్పి, గాలిమరల కంచె కనిపించే చోట వేగం తగ్గించి, గేరు తీసి, ఇంజను ఆపాను. ముందు చక్రాలు కొంతసేపు వాటంతట అవే తిరిగి నిలిచిపోయాయి. సుంకన్న వచ్చి నా చేతుల్లోంచి పళ్లెం నెమ్మదిగా తీసుకున్నాడు.

"చేరినావా సారూ?"

"చేరాను."

సాయంకాలం గాలి వచ్చింది.

"నడిమధ్యలో పోయె గదయ్యా," అంది కాశింబీ. "యాడిదాకా వచ్చినావు?"

"గాలిమరల గేటు దాకా."

గాలి ఉంది, పీలిక కదులుతూనే ఉంది.

"మళ్ల తలుపెందుకు కొట్టల్యా?" అంది.

నమోదు 9

ఫిలోమినా మేడం రీడరు గుచ్చి ఎనిమిది పరీక్షలూ చూశారు. దోషాలు చూశారు. లేవు. తరువాత దిగి బండి చుట్టూ తిరిగి, వెనుక చక్రాల దగ్గర కూర్చుని ముగ్గు గీతను వేలితో తాకి చూశారు. సుంకన్న గీత చుట్టూ రాళ్లు పేర్చి, రోజూ పిచ్చుకలను తోలుతూ కాపాడాడు.

"కదల్లేదు," అన్నారు ఆమె. "అయినా నడిచింది. ఇట్లాటిది నా సర్వీసులో చూడల్యా. నడిపేదెవురు?"

షెడ్డులోకి పోయి పట్టాను ముఖం ఇటువైపుకు తిప్పి, తెచ్చి చూపించాను. ఆమె పూర్తిగా చదివారు. ఇంతవరకు దానిని పూర్తిగా చదివినవారు ఎవరూ లేరు.

గుడ్డసంచిలోంచి స్టీరింగు తీసి నా చేతికిచ్చారు. సుంకన్న పళ్లెం కంటె పెద్దది. రెండు చోట్ల, చేతులు ఉండే చోట, నలుపు అరిగి ఉంది. నా చేతులను ఆ చోట్ల ఉంచాను. అరిగిన ఆ చోట్లు నా చేతుల కంటె చిన్నవి.

నమోదు 10

తలుపు కొట్టాను.

అంతకు ముందరి సంగతులు క్లుప్తంగా. గేటు దగ్గర స్పిరిటు నిండుగా పోయించుకుని బయలుదేరాను. ఇంజను గేటులోనే రెండుసార్లు ఆగింది; సుంకన్న వెనుక నుంచి, "ముగ్గు చెరిపేసినా సారూ, ఇంగ కదలొచ్చు!" అని అరిచాడు. విరామ దినం కనుక వాహిని బండ్లన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయి ఉన్నాయి. రెండో వాగు దగ్గర కాపలా బండి కూడా నిలిచి ఉంది. దాని పక్క నుంచి పోతూ "రెక్కలకొండ" అన్నాను. అది ఏమీ అనలేదు.

ఒంటె మూపురం బండ ఈసారి చాలా దూరంగా, ఎడమ సీటు అవతల కనిపించింది. అంతా అదే క్రమంలో వచ్చింది. నీలం రేకుల కప్పు మాత్రం లేదు, కూలిపోయింది. అయినా అక్కడ ఎడమకు తిప్పాను.

కాశింబీ చేతికర్రతో బయటికి వచ్చింది. జుట్టు తెల్లబడింది. ఆమె ముందు నన్ను చూడలేదు. కారు దగ్గరికి నడిచి కుడి తలుపులోంచి లోపలికి తొంగి చూసింది.

"సీటు వెనక్కి జరపల్యా?"

"లేదు."

"ఈడిదాకా ఇట్లే కూచోని వచ్చినావా? మోకాళ్లు?"

"నొప్పిగా ఉన్నాయి."

అప్పుడు నన్ను చూసింది. ఆమె చీరకొంగుతో నా ముఖం మీది దుమ్ము తుడిచింది.

"మూట తెచ్చుకో పో. తలుపు పక్కనే ఉండాది," అంది. "తెచ్చుకోని ఆ పక్కకి పోయి కూచో."

నమోదు 11

ఎడమ సీటు నుంచి రాస్తున్నాను. బండి ఊగుతున్నందున అక్షరాలు కుదురుగా లేవు.

బూరుగు చెట్టు దగ్గర ఆమె గేరు మార్చింది. మోచేయి తగిలింది.

ఒంటె మూపురం దాటగానే డ్యాష్‌బోర్డు మీద ఇంజను దీపం వెలిగింది. నేను వెంటనే రీడరు తీశాను. ఆమె దీపం వైపు చూసింది, నా వైపు చూసింది.

"ట్యాంకు మూత బిగించినావా?"

ఆలోచించాను. గేటు దగ్గర తొందరలో స్పిరిటు పోయించాను. తొందర మనిషిని కాను. అయినా ఈ ఉదయం తొందరపడ్డాను.

"బహుశా లేదు."

ఆమె బండి ఆపి, స్టీరింగు మీద తల ఆనించి, ఏడుస్తున్నదో నవ్వుతున్నదో తెలియనట్లు భుజాలు కదిలిస్తూ ఉండిపోయింది. ఈసారి నేను దిగాను. మూత పెట్టి గట్టిగా బిగించి వచ్చి కూర్చున్నాను. మూత బిగించినా దీపం వెంటనే ఆరదు. బండి ఇంకా ఎన్నో మార్లు తిరిగి తిరిగి చూసుకుని గాని నమ్మదు. అంతదాకా ఈ బండి ఉండదు. పొద్దు గుంకితే స్టీరింగు ఫిలోమినా మేడం చేతికి పోతుంది.

"తుడుస్తావా దాన్ని? నీకు మరకలుంటే పడదు గదా."

రీడరు నా ఒళ్లోనే ఉంది. ఒక్క నొక్కు.

"ఉండనీ," అన్నాను.

ఘాటు చివరి మలుపులో పోర్టు మూత ఠక్కుమని ఆమె మోకాలికి తగిలింది. ఆమె దానిని తిట్టింది. నేను రీడరును సంచిలో పెట్టి, ఎడమ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. సీతాఫలం తోపు వచ్చింది. దీపం వెలుగుతూనే ఉంది.